బిడ్డ జాడ, తల్లి మాట
("బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్" చిత్రవిమర్శ)

ఎవెలిన్ పైపర్ అను మాఱుపేరుతో మెరియమ్ మోడెల్ 1957లో రచించిన నవలను ఆధారముగాఁ గొని, ఆటో ప్రెమింజరు 1965లో "బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్" అను ఆంగ్లచిత్రమును వెలువరించెను. నవలలో న్యూయార్కున జరిగిన కథ చిత్రమున లండనునకు మార్పఁబడినది.

అమెరికానుండి క్రొత్తగా వచ్చిన ఆన్ లేక్ అను అవివాహిత తన కూఁతును మొదటి దినమున బడిలో విడిచిపోవును. మరల వచ్చి చూడఁగా బిడ్డ లేదు. బిడ్డను చూచితిమన్నవారును లేరు. ఇంటనున్న బిడ్డ వస్తువులును మాయమగును. చిన్ననాఁడు ఆన్ "బన్నీ" అను కల్పితసఖితో నాడుకొనెడిదని సోదరుఁడు స్టీవెన్ చెప్పిన మాట బయలుపడఁగానే, అసలు బిడ్డయే లేదేమో యను శంక పొడముచున్నది. పోలీసు అధికారి న్యూహౌసు వెదకవలసినది బిడ్డనో, తల్లి మనస్సునో తేలకున్నది.

భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరించిరి. కాని కానరామి మాత్రమే అభావమును సాధింపదు; వస్తువున్నచోఁ దప్పక కానవచ్చునను యోగ్యతయు నుండవలెను. వెలుఁగున్న గదిలో ఘటము కానరానిచో లేదనవచ్చును; చీఁకటిలో నట్లనరాదు. ఈ కథలో చీఁకటిని బుద్ధిపూర్వకముగాఁ గల్పించినవాఁడొకఁడున్నాఁడు. వాఁడు స్టీవెనే.

ఇచట శాకుంతలము స్మరణకు వచ్చుట సహజము. నిండుసభలో శకుంతల మాటయు నమ్మఁబడలేదు. ఆమెకు ఉంగరము పోయినది. బొమ్మను బాగుచేయుటకిచ్చిన రసీదు ఆన్‌కు అట్టి అభిజ్ఞానమే. ఆ బొమ్మను స్టీవెన్ తగులఁబెట్టి, ఆమెను మతి చలించినదానినిగా వైద్యశాలలోఁ జేర్చును. అయినను భేదము గొప్పది. కాళిదాసు శాపవృత్తాంతమును సామాజికునకు ముందే తెలిపెను గావున మనము శకుంతల పక్షమున నిలిచి దుఃఖింతుము. ప్రెమింజరు బిడ్డను తుదిఘట్టమువఱకును చూపలేదు గావున ప్రేక్షకుఁడును తల్లిని శంకించును. నిజము తేలిన పిదప ఆ శంక యాతని దోషముగనే మిగులును. ఈ చిత్రమున భయానకమునకు మూలమిదియే.

ఇది ప్రేక్షకుని మోసగించుట యని కొందఱు ఆక్షేపింపవచ్చును. అది నిలువదు. దర్శకుఁడు అసత్యమును చూపలేదు. ఆరంభమున తోఁటలోని ఆటవస్తువును, ఊయలను చూపి ఊరకుండెను. లేదను నిర్ణయము మనదే.

నిజమైన లోపము వేఱొకటి గలదు. సోదరుని ఉన్మాదమునకు తగిన బీజము కథారంభమున నాటఁబడలేదు. అన్నచెల్లెండ్ర యతిస్నేహమును సూచించిన ఘట్టములు గలవు గాని, అవి ఆశ్చర్యమునకు ఉపకరించినంతగా కారణమునకు ఉపకరింపలేదు. కావున రహస్యము వెల్లడియైన పిదప మనోవ్యాపారము సన్నగిల్లి, ప్రాణభయమే మిగిలినది.

అయినను నిర్వహణము పూర్తిగా నిష్ఫలము గాదు. బిడ్డను రక్షించుకొనుటకై ఆన్ స్టీవెన్‌తోఁ జిన్ననాఁటి యాటలే యాడి, పోలీసులు వచ్చువఱకును కాలము గడపును. ఏ బాల్యకల్పన యామెకు పిచ్చి యనుటకు సాక్ష్యమైనదో, ఆ బాల్యస్మృతియే బిడ్డ ప్రాణమును నిలిపినది. తల్లి మాటను అప్రమాణముగాఁ జేసిన హేతువే తుదకు ఆమెకు సాధనమగుట యీ చిత్రమునందలి యుత్తమాంశము. దప్పిన బిడ్డలను గూర్చిన కథలలో దీనికిఁ బ్రత్యేకస్థానము గల్పించినదియు నదియే.