పానీయము, పాత్ర, పాత్రత: ఆల్డస్ హక్స్‌లీ రెండు గ్రంథాలు

మనస్సు తీరును మార్చే మూలికలను, పానీయాలను గూర్చి ప్రస్తావించని ప్రాచీన సాహిత్యం అరుదు. ఆ ప్రస్తావనలలో ఒకవంక స్తుతి, మరొకవంక హెచ్చరిక కనిపిస్తాయి. స్తుతి చాలవరకు కవుల వంతు, హెచ్చరిక ధర్మశాస్త్రకారుల వంతు అయినవి. ఇరవయ్యవ శతాబ్దం నడుమ ఈ రెండింటినీ ఒక్క చేతితో వ్రాయ పూనుకొన్నవాడు ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ. 1954లో వెలువడిన ‘ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్’ అనే చిన్న గ్రంథం ఆయనకు ఎంత కీర్తిని తెచ్చినదో అంత నిందనూ తెచ్చినది. 1962లో వెలువడిన ‘ఐలండ్’ ఆయన చివరి నవల. మొదటిదానిని చదివినవారిలో పలువురు రెండవదాని జోలికి పోలేదు. అందువల్ల హక్స్‌లీ ఒక మందును మోక్షద్వారమని చాటినవాడుగా మాత్రమే లోకంలో నిలిచిపోయినాడు. రెండు గ్రంథాలను కలిపి చదివితే తేలేది వేరు. ఈ ఎనిమిదేండ్లలో ఆయన దృష్టి పానీయం మీదినుండి పాత్ర మీదికి మరలినది. ఆ మరలుటలోనే ఆయన ఆలోచనకు విలువ ఉన్నది.

మొదటి గ్రంథంలోని కథ చిన్నది. 1953 మే నెలలో ఒక ఉదయం, లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటిలో, హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుని సమక్షంలో హక్స్‌లీ గ్రాములో పదింట నాలుగు వంతుల మెస్కలిన్‌ను నీటిలో కలుపుకొని త్రాగినాడు. అది పెయోటీ అనే చిన్న కాక్టస్ మొక్కలో ఉండే పదార్థం. ఆ పూట ఆయన చూచినవి గాజుపాత్రలోని మూడు పువ్వులు, ఒక కుర్చీ కాళ్లు, తాను తొడుగుకొన్న లాగు మడతలు. ఈ సామాన్య వస్తువులే ఆయనకు అస్తిత్వ రహస్యాన్ని విప్పి చూపినట్లు తోచినవి. మన మెదడు బ్రతుకుతెరువుకు అవసరమైన కొద్ది జ్ఞానాన్ని మాత్రమే లోపలికి వదలుతుందని, ఈ మందు ఆ అడ్డును కాసేపు సడలిస్తుందని ఆయన వాదించినాడు. సచ్చిదానందమనే మన మాటను కూడ ఆ సందర్భంలో వాడుకొన్నాడు.

వచనరచనగా ఇది గొప్పది. పువ్వును పువ్వుగా చూచే కన్ను అందులో ఉన్నది. హక్స్‌లీ అమాయకుడు కాడు. ఈ అనుభవమే ముక్తి అని ఆయన అనలేదు. అయాచితంగా లభించిన అనుగ్రహం వంటిదని, ముక్తికి అది అవసరం కాకపోయినా సాయపడవచ్చునని మాత్రమే అన్నాడు. దీర్ఘకాలంగా దిగులుతోను, భయంతోను బాధపడేవారికి ఇదే మందు నరకం చూపవచ్చునని హెచ్చరించినాడు. ఆ పూట తనకే ఒక క్షణం ఉన్మాదపు అంచు కనిపించినదని దాచకుండా వ్రాసినాడు.

అయినను ఈ గ్రంథంలో ఒక లోపం ఉన్నది. దానిని పట్టి ఇచ్చినవాడు కూడ హక్స్‌లీయే. మడతలలో అనంతాన్ని చూచిన ఆ మనిషి, గదిలో తనతో ఉన్నవారి కన్నులలోనికి చూడకుండా తప్పించుకొన్నాడు. వారిలో ఒకరు ఆయన భార్య. మనుష్యులతో సంబంధం ఆ వెలుగులో అనవసరమైన చిక్కుగా తోచినది. ఈ దర్శనం ధ్యానానికి తావిస్తుందే గాని కర్మకు తావివ్వదని ఆయన ఒప్పుకొన్నాడు. ఒప్పుకొన్నాడు గాని, దానికి సమాధానం ఆ గ్రంథంలో లేదు. వైద్యుడు పక్కన ఉన్నాడు, గది సురక్షితంగా ఉన్నది. కాని మరునాడు ఏమి చేయవలెను అన్న ప్రశ్నను ఆ గది అడగదు. గ్రంథం చివర పెయోటీని ప్రసాదంగా స్వీకరించే అమెరికా ఆదిమజాతుల చర్చిని గూర్చి కొన్ని పుటలు మాత్రం ఉన్నవి. అక్కడ ఆ మొక్కను ఎవరూ ఒంటరిగా, కుతూహలం కొద్దీ తినరు. రాత్రంతా అగ్ని ముందు కూర్చుంటారు. పాట, డప్పు, ప్రార్థన, నడిపించే పెద్ద ఉంటారు. హక్స్‌లీ ఆ సమాజాన్ని మెచ్చుకొని ముందుకు సాగిపోయినాడు. అసలు ఆగవలసినది అక్కడనే.

ఆయనపై వచ్చిన విమర్శలలో ఘనమైనది ఆర్. సి. జేనర్‌ది. ఆక్స్‌ఫర్డ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ తరువాత ప్రాచ్యమతాల ఆచార్యపీఠాన్ని అధిష్ఠించిన పండితుడాయన. తానుకూడ మెస్కలిన్ తీసికొని, తనకు నవ్వు తప్ప దైవం దొరకలేదని 1957 నాటి తన గ్రంథంలో తెలిపినాడు. ప్రకృతిలో లీనమగుట వేరు, ఈశ్వరునితో యోగం వేరు అని ఆయన సిద్ధాంతం. వాదం పదునైనదే. అయితే ఒకే మందు ఒకరికి పువ్వులో బ్రహ్మాన్ని, మరొకరికి నవ్వునూ చూపినదంటే, ఆ తేడా మందులో లేదని కూడ తేలుతున్నది. ఈ సంగతిని జేనర్ తన గెలుపుగా భావించినాడు. నిజానికి అది ఇద్దరికీ వర్తించే పాఠం.

మరొక అభ్యంతరం తెలుగువారికి దగ్గరివాని నుండి వచ్చినది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి హక్స్‌లీకి చిరకాల మిత్రుడు. కృష్ణమూర్తి రచించిన ‘ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్’కు హక్స్‌లీ వ్రాసిన పీఠిక కూడ 1954లోనే వెలువడినది. ఒకే సంవత్సరంలో ఒకే రచయిత, ఏ సాధనమూ సత్యానికి త్రోవ చూపదనే గ్రంథాన్ని లోకానికి పరిచయం చేసినాడు, ఒక సాధనాన్ని మెచ్చుకొంటూ తన గ్రంథాన్నీ ప్రకటించినాడు. మందు చూపే దృశ్యం ఆ మనిషి సంస్కారాల ప్రతిబింబమే అని కృష్ణమూర్తి తరువాతి ప్రసంగాలలో పలుమార్లు చెప్పినాడు. ఈ వైరుధ్యాన్ని హక్స్‌లీ వ్యాసంలో పరిష్కరించలేకపోయినాడు. అందుకే నవలను ఆశ్రయించినాడనుకోవచ్చును.

‘ఐలండ్’లోని పాలా ఒక కల్పిత ద్వీపం. అక్కడివారు పుట్టగొడుగులనుండి తీసే ఒక మందును ‘మోక్ష ఔషధం’ అంటారు. పేరు చూచి మళ్లీ పాత వాదమే అనుకోరాదు. ఆ మందు యౌవనంలో అడుగు పెట్టే పిల్లలకు ఊరికే అందదు. వారు ముందు పెద్దల వెంట ప్రాణాపాయం గల కొండను ఎక్కవలెను. త్రాటి కొసన మరొకరి ప్రాణం ఉన్నదని తెలిసికొనవలెను. తరువాత దేవాలయంలో నటరాజమూర్తి ముందు, ఎరిగిన పెద్దల నడుమ దానిని స్వీకరిస్తారు. ఈ మందు కొన్ని దివ్యక్షణాలను మాత్రమే ఇస్తుందని, వాటితో ఏమి చేసికొనవలెనన్నది మీ వంతని వైద్యుడు రాబర్ట్ వారికి చెబుతాడు. 1954లో లేని సమాధానం ఇది. సురక్షితమైన గదికి బదులు ఇక్కడ సమాజం ఉన్నది.

కథానాయకుడు విల్ ఫార్నబీ చివరి అధ్యాయంలో సుశీల పక్కన ఉండగా ఆ మందు తీసికొంటాడు. మొదట వెలుగు, సంగీతం. పిదప ఒక బల్లి, ఒకదానినొకటి తినే పురుగులు, సృష్టిలోని భయానకం. సుశీల అతనిని పారిపోనీయదు, తన ముఖంలోనికి చూడమంటుంది. లాస్ ఏంజెలెస్ గదిలో తప్పించుకొన్న చూపు ఇక్కడ మనిషి ముఖం మీద నిలిచినది. హక్స్‌లీ తనను తాను దిద్దుకొన్న స్థలం ఇది. అంతలోనే పొరుగు దేశపు సైన్యం ఫిరంగులతో ద్వీపంలోనికి దిగుతుంది. మోక్ష ఔషధం పాలాను కాపాడలేదు. నవలగా ‘ఐలండ్’లో ఉపన్యాసాలు ఎక్కువ, జీవితం తక్కువ. పాత్రలు చాలమంది మాటలు మోసే కూలీలు. కాని తన ఆశయాన్ని తానే చివరిపుటలో ఆయుధాల ముందు నిలబెట్టిన రచయిత నిజాయితీని శంకింపనవసరం లేదు.

పాలాలోని ఈ ఏర్పాటు భారతీయ పాఠకునికి కొత్త కాదు. సోమయాగం దీక్షతో మొదలై అవభృథస్నానంతో ముగుస్తుంది. నడుమ రాళ్లతో నూరుట, ఉన్ని జల్లెడలో వడకట్టుట, పాలు కలుపుట, మంత్రం, ఋత్విక్కులు ఉన్నారు. ఋగ్వేదం తొమ్మిదవ మండలంలోని 114 సూక్తాలు ఎక్కువగా ఈ వడకట్టుటను గూర్చినవే. ఎనిమిదవ మండలంలోని 48వ సూక్తంలో సోమం గ్రోలి అమరులమైనామని పాడిన ఋషియే, ఆ వెనువెంటనే తన పాదం జారకుండా కాపాడుమని అదే సోమాన్ని వేడుకొంటాడు. స్తుతి, హెచ్చరిక ఒక్క గొంతులోనే ఉన్నవి. పదవ మండలంలోని సూర్యావివాహ సూక్తం మరింత ముందుకు పోయి, మొక్కను నూరి త్రాగినవాడు సోమం త్రాగినాననుకొంటాడు గాని బ్రహ్మవిదులెరిగిన సోమాన్ని ఎవడూ తినడని తేల్చినది. ఆ మొక్క ఏదో నేటికీ నిర్ధారణ కాలేదు. ఎర్రని పుట్టగొడుగని 1968లో గోర్డన్ వాసన్ వాదించినాడు. ఎఫెడ్రా అని ఇతరులన్నారు. మొక్క మరుగుపడిన పిదపకూడ ప్రత్యామ్నాయాలతో యాగం సాగినది. కోనసీమ ఆహితాగ్నులు ఇరవయ్యవ శతాబ్దంలోను సోమయాగాలు చేసినారు. పానీయం పోయినది, పాత్ర నిలిచినది. ‘పాత్ర’ నుండి పుట్టిన ‘పాత్రత’ అనే మాటకు మన భాషలో యోగ్యత అని అర్థం కావటం గమనింపదగినది.

వైద్యులు కూడ ఇదే చెప్పినారు. చరకసంహిత చికిత్సాస్థానంలో మద్యాన్ని గూర్చిన అధ్యాయం ఉన్నది. విధి, మాత్ర, కాలం, తగిన ఆహారం, శరీరబలం, ప్రసన్నమైన మనస్సు ఉన్నప్పుడు అది అమృతమని, లేనప్పుడు విషమని అక్కడి మాట. నిప్పు బంగారం నాణ్యాన్ని బయటపెట్టినట్లు మద్యం మనిషి ప్రకృతిని బయటపెడుతుందని కూడ చరకుడన్నాడు. హక్స్‌లీకి వ్రాసిన జాబులలో 1956లో ఆస్మండ్ కల్పించిన ‘సైకడెలిక్’ అనే మాటకు గ్రీకు ధాతువులను బట్టి చిత్తాన్ని వ్యక్తపరచేది అని అర్థం. రెండు వేల ఏండ్ల దూరంలోని ఇద్దరు వైద్యులు దాదాపు ఒకే చోటికి చేరినారు.

నేటి పరిశోధన ఈ పాఠాన్ని అంకెలలో మళ్లీ వ్రాస్తున్నది. ‘ఐలండ్’ వెలువడిన 1962లోనే గుడ్‌ఫ్రైడే నాడు బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకే ఇరవైమంది మతవిద్యార్థులపై ప్రయోగం చేసినాడు. పదిమందికి పుట్టగొడుగులలోని సైలోసిబిన్ ఇచ్చినాడు. వారిలో ఎక్కువమందికి గాఢమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగినదని లోకం విన్నది. కలవరపడిన ఒక విద్యార్థికి శాంతపరచే సూదిమందు ఇవ్వవలసివచ్చినదన్న సంగతి మాత్రం 1991లో రిక్ డోబ్లిన్ చేసిన పునఃపరిశీలనలో గాని బయటికి రాలేదు. స్తుతి వ్రాసినవారు హెచ్చరికను పుటలోనుండి తీసివేసినారు. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆ తప్పు చేయలేదు. 36 మందిలో మూడింట రెండు వంతులమంది ఆ దినాన్ని జీవితంలోని అతి విలువైన అయిదు అనుభవాలలో చేర్చినారని, సుమారు మూడవ వంతుమంది తీవ్రమైన భయాన్ని ఎదుర్కొన్నారని రెండూ ప్రకటించినారు. 2008లో అక్కడివారే రక్షణ సూత్రాలను వెలువరించినారు. ఉన్మాదరోగం తనకు గాని దగ్గరి బంధువులకు గాని ఉన్నవారిని చేర్చుకోరాదు. ముందే పరిచయం పెంచుకొన్న ఇద్దరు పక్కన ఉండవలెను. తరువాత అనుభవాన్ని గూర్చి మాట్లాడవలెను. 2016లో క్యాన్సర్ రోగుల మరణభయంపై ఇటువంటి చికిత్స మంచి ఫలితాలనిచ్చినది. దీక్ష, సవనం, అవభృథం అనే మూడింటిని ఈ సూత్రాలలో పోల్చుకొనుట కష్టం కాదు. ఆ పాత్ర లేనిచోట అదే మందు ప్రమాదకారి. మన దేశంలో 1985 నాటి చట్టం వైద్య, వైజ్ఞానిక ప్రయోజనాలకు తప్ప దానిని నిషేధించినది.

అయినను ఆధునిక పాత్రలో ఒక కొరత ఉన్నది. దానిని చూపగలవాడు కబీరు. ఆయన పదాలలో రామరసాయనం మాటిమాటికీ వస్తుంది. రసాయనమంటే ఆ కాలానికి జరామరణాలను పోగొట్టే సిద్ధౌషధం. నేటి తెలుగులో ఆ మాటకు ప్రయోగశాల వాసన పట్టినది. అనువాదకుడు దానిని అట్లే ఉంచితే పాఠకునికి సీసా కనిపిస్తుంది, మార్చితే కబీరు చేసిన శ్లేష పోతుంది. కబీరు చెప్పే మధువిక్రేత రొక్కం తీసికొనడు, త్రాగవచ్చినవాని తల అడుగుతాడు. అహంకారం ఇచ్చి కొనవలసిన పానీయమది. హక్స్‌లీ పాలాలో కొండ ఎక్కించి ఈ వెలకు దగ్గరగా వచ్చినాడు. ఆస్పత్రి ఆ వెలను అడుగలేదు, అడుగరాదు కూడ. రోగికి కావలసినది ఉపశమనం. దానిని ఇవ్వగలిగితే వైద్యం తన ధర్మం నెరవేర్చినట్లే. ఆ ఉపశమనాన్నే మోక్షమని పేరు పెట్టి అమ్మజూపే రచనలను మాత్రం పాఠకుడు కబీరు ప్రశ్నతో ఎదుర్కొనవలెను.

1963 నవంబరు 22న మరణశయ్యపై మాట పెగలని హక్స్‌లీ కాగితం మీద వ్రాసి ఎల్.ఎస్.డి. అడిగినాడు. భార్య లారా సూదిమందు ఇచ్చి, ఆయన ఊపిరి ఆగేవరకు పక్కన కూర్చుండి ధైర్యం చెబుతూ ఉన్నది. 1968లో ఆమె వ్రాసిన స్మృతిగ్రంథంలో మందుకంటె ఆ మాటలకే ఎక్కువ చోటున్నది. ‘డోర్స్’ చదివినవారు ‘ఐలండ్’ వరకు రావలసినది ఇందుకే. మొదటిది మంచి గ్రంథం. రెండవది నవలగా దానికి సాటిరాదు గాని, పానీయాన్ని పట్టుకొన్న చేతులను చూపినది అదే.