సభయు, విహారమును, స్నేహమును
(విద్వద్యాత్రావ్యాసములపై ఒక విమర్శ)

విద్వత్సభల నిమిత్తమై విదేశముల కేగివచ్చినవారు వ్రాయు యాత్రావ్యాసములు మన సంచికలలో తఱచుగా కానవచ్చుచున్నవి. వానిలో సభ కొక పేరా, చూచిన కట్టడములకు పది పేరాలు, మిత్రుల యిండ్ల విందులకు మిగిలిన పుటలు దక్కుచుండును. ఇది చూచి కొందఱు పెద్దలు, "విశ్వవిద్యాలయపు సొమ్ముతో విహారములా?" అని ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ గుఱి తప్పినదని మా అభిప్రాయము. దోషము చూచుటలో లేదు. చూచినదానిని ప్రశ్నింపకుండుటలో నున్నది.

ఇందుకు నిదర్శనము బెంగుళూరి తెలుగువారమైన మనకు చేరువలోనే కలదు. విశాఖపట్టణమున బాల్యము గడపి, 1933 మొదలు 1970లో దివంగతులగువఱకు ఈ నగరముననే నివసించిన చంద్రశేఖర వేంకట రామన్ గారి 1921 నాటి విదేశయాత్రయే అది. 1907 నుండి పదేండ్లు ప్రభుత్వపు లెక్కల శాఖలో పనిచేసి, హెచ్చు జీతమును వదలుకొని, 1917లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి స్వీకరించిన ఆయన, ఆక్స్‌ఫర్డున జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య విశ్వవిద్యాలయముల మహాసభకు ప్రతినిధిగా వెడలిరి.

లండనులో సెయింట్ పాల్ దేవాలయమును చూడని యాత్రికు డరుదు. అచటి గోపురము లోపల గుండ్రని వసారా యొకటి కలదు. ఒకచోట గోడదగ్గఱ గుసగుసలాడిన మాట దూరమున గోడకు చెవియొగ్గినవారికి వినవచ్చును. యాత్రికులు విని, నవ్వుకొని, దిగివత్తురు. ధ్వని వంపుగోడను అంటిపెట్టుకొని ప్రాకునని రేలీ ప్రభువు అంతకుముందే వివరించియుండెను. రామన్ గారు ఆ వివరణతో తృప్తిచెందక, సదర్లాండ్ అను శాస్త్రజ్ఞునితో కలసి అచట పరీక్షలు జరిపి, దానికి లొంగని విశేషములను గుర్తించిరి. ఆ యేడే ఇరువురి పేరులతో 'నేచర్' పత్రికలో వ్యాసము వెలువడినది. ఇరువురు కలసి చూచినందులకు గుర్తుగా ఛాయాచిత్రము గాక శాస్త్రవ్యాసము మిగిలినది. స్నేహము కిది తక్కువ ఫలము కాదు.

తిరుగుప్రయాణమున నార్కుండా అను ఓడపైనుండి మధ్యధరా సముద్రపు నీలిమను చూచిరి. లోతైన సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబము మాత్రమే యని రేలీ ప్రభువు మతము. రామన్ గారు నికల్ పట్టకముద్వారా నీటిని పరికించి, ఉపరితలముపై ప్రతిఫలించు వెలుగును తొలగించి చూచిరి. నీలిమ పోలేదు. నీటి అణువులు వెలుగును చెదరగొట్టుటయే కారణమని వాదించుచు, ఓడ బొంబాయి రేవున నుండగనే సెప్టెంబరులో 'నేచర్' పత్రికకు లేఖ వ్రాసిరి. అది నవంబరులో అచ్చయినది. ఆ విచారణయే పెరిగి 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఫలితమునకును, 1930 నోబెల్ బహుమానమునకును దారితీసినది.

ఆ లేఖను యాత్రాసాహిత్యముగా చదువవలెనని మా మనవి. మొదట పూర్వుల మతము, తరువాత తాను చూచిన విధము, పిమ్మట తేల్చిన విషయము, అంతే. కడలిని వర్ణించు విశేషణముల వరుస లేదు. అయినను దానిని చదివినవాడు సముద్రమును మునుపటి కన్నులతో చూడలేడు. యాత్రావ్యాసమునుండి మనము కోరదగినది ఇంతకన్న నేమున్నది?

అట్లని ప్రతి విహారమును రామన్ గారి పేరు చెప్పి సమర్థించుకొనుటయు తగదు. ఆయన ఓడపై కూడ పట్టకమును వెంటనుంచుకొనిరి. గుసగుసల వసారా ఎక్కుటకు ముందే వీణతంత్రుల నాదమును, మృదంగపు మూఁత పలుకు స్వరములను పరిశోధించియుండిరి. సిద్ధపడిన చెవికే ఆ గోడ క్రొత్త సంగతి చెప్పినది.

కావున సభలకేగు మన యువకులు గోపురములు చూడవద్దనిగాని, స్నేహితుల యిండ్లకు పోవద్దనిగాని మేము చెప్పము. తప్పక చూడుడు, తప్పక పొండు. తిరిగివచ్చి వ్రాయునపుడు మాత్రము, పుస్తకములలో చదివినదానికి భిన్నముగా అచట కన్నది ఒక్కటి వ్రాయుడు. విందుల పట్టిక దానికి తరువాత నున్నను మేము సంతోషముగనే చదివెదము.