టిఫిన్ ప్లేటు మీది కవరును పొగడండి

కొత్తగా కలం పట్టేవాళ్లకు ఈమధ్య తరచూ దొరుకుతున్న సలహా ఒకటుంది. రోజూ పడుకునే ముందు, ఆ రోజు జరిగిన మూడు మేళ్లకు కృతజ్ఞతలు రాసుకోండి, మనసు తేలికవుతుంది, రాత దానంతటదే వస్తుంది అని. మొదటి సగంతో నాకు పేచీ లేదు. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను మూడు జట్లు చేసి, వారానికోసారి చొప్పున పది వారాలపాటు ఒక జట్టు చేత మేళ్లు, ఇంకో జట్టు చేత చికాకులు, మూడో జట్టు చేత మామూలు సంగతులు రాయించారు. మేళ్లు రాసినవాళ్లకు జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది. అయితే వాళ్ల రాత బాగుపడిందా అన్నది ఆ పరీక్షలో ప్రశ్నే కాదు. మనసు కుదుటపడితే చాలు కలం సాగుతుందంటే, యోగా క్లాసుకొక నవలాకారుడు బయటికి రావాలి. ఈ కసరత్తు రచయితకు పనికొస్తుందనే నేనూ అంటాను, కానీ అందుకు కారణం వేరు. పొగడాలంటే ముందు చూడాలి. చూపు తేలిపోకుండా ఒకచోట నిలబెట్టే షరతులు పెట్టుకుని ఆడితే, ఇది మంచితనం కోసం చేసే సాధనగా కాక వర్ణన నేర్పే ఆటగా పనిచేస్తుంది.

షరతులు పెద్దవేం కావు. పొగడదగ్గదని ఎవరికీ తోచని వస్తువునే ఎంచుకోవాలి. చెప్పిన కారణం మళ్లీ చెప్పకూడదు. అది లేకపోతే ఏమయ్యేదో తప్పకుండా చెప్పాలి. హైదరాబాద్‌లో మూసాపేట మెట్రో స్టేషన్ కింద పొద్దుటి టిఫిన్ బండి దగ్గర స్టీలు ప్లేటు మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ కవరునే తీసుకోండి. మొదట ఏమీ తోచదు. కాసేపటికి నీళ్లు గుర్తొస్తాయి. బండికి నల్లా ఉండదు, డబ్బాల్లో మోసుకొచ్చిన నీళ్లే గతి. కవరు లేకపోతే ప్రతి ప్లేటునూ ఆ ఒక్క బకెట్లోనే ముంచి తీయాలి. ముంచేదెవరు? పల్లీ చట్నీ గరిటె పట్టుకున్న ఆవిడే. ఆ తర్వాత హైటెక్ సిటీ వైపు షేర్ ఆటో అందుకోవాల్సిన కుర్రాడు కనిపిస్తాడు. మెడలో ఐడీ కార్డు చట్నీలో పడకుండా భుజం మీదికి వేసుకుని, నిలబడే ఇడ్లీలు మింగి, కవరు ముడిచి తొట్లో పడేసి పరుగు తీస్తాడు. ఇంకా పొగడాల్సి వస్తే వేడి ఇడ్లీ కింద మెత్తబడిన ప్లాస్టిక్, వానాకాలంలో నాలాకు అడ్డం పడే అదే ప్లాస్టిక్ కళ్లబడతాయి. పొగడబోయిన నోరు ఫిర్యాదులోకి దిగింది. ఈలోగా కాగితం మీదికి ఒక చోటు, ఇద్దరు మనుషులు, ఒక చిక్కు వచ్చి చేరాయి. కథకు ఇంతకంటే ఏం కావాలి? లేకపోతే ఏమయ్యేదన్న షరతుకు కొంత ఆధారమూ ఉంది. జరిగిన మంచిని తలుచుకోవడం కంటే, అది జరగకపోయి ఉంటే అని ఊహించుకోవడమే మనసు మీద ఎక్కువ పనిచేస్తుందని మింక్యుంగ్ కూ బృందం 2008లో చూపించింది.

ఇదంతా బయటి సరుకనుకోనక్కర్లేదు. మన ప్రబంధాల అవతారికలో పూర్వకవి స్తుతి దాదాపు తప్పనిసరి తంతు. అదే వాల్మీకిని, అదే వ్యాసుణ్ని, అదే కవిత్రయాన్ని తరతరాలుగా పొగుడుతూ ఎవరికి వారు కొత్త మాట వెతుక్కోవాల్సిందే. వెనువెంటనే కుకవి నింద ఉండనే ఉంది, పొగడ్త మరీ తియ్యబడకుండా. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువును తిడుతున్నట్టే పొగిడాడు. గోల్కొండ చెరలో రామదాసు చేసిందీ దాదాపు అదే. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం అంటూ చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి రాముణ్ని లెక్క అడిగాడు. కీర్తనకు బలం భక్తి నుంచి ఎంత వచ్చిందో ఆ పట్టీ నుంచీ అంతే వచ్చిందని నా అభిప్రాయం.

కృతజ్ఞత నేర్చిన రచయిత సాధువై కూర్చుంటాడు, ధిక్కారం నుంచి వచ్చిన తెలుగు కవిత్వానికి ఇది పొసగదు అంటారు కొందరు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. అయితే ఆ ధిక్కారంలో అందరికంటే ముందు వరసలో నిలిచిన దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని ఎవరి చేత ఆవిష్కరింపజేశారు? నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత. ఆ గౌరవం ఒక పేరుకు, ఒక వృత్తికి చెందింది. గౌరవం దక్కనివాళ్లెవరో కూడా ఆ ఎంపికే చెప్పింది. ఐటీ ఆఫీసుల్లో బోర్డు నిండా అంటించే పసుపు చీటీల కృతజ్ఞత మీద విసుగు మరింత న్యాయమైనది. అప్రైజల్ ముందు టీమ్ అందరికీ థాంక్స్ అని రాసిన చీటీలో మనిషీ ఉండడు, పనీ ఉండదు. శనివారం రాత్రి సర్వర్ పడిపోతే ఎవరు ఏ ఊరి పెళ్లిలోంచి లేచి ల్యాప్‌టాప్ తెరిచారో రాసి చూడండి, మేనేజర్‌కు అది నచ్చకపోవచ్చు.

ఇక రోజూ చేయాలన్న నియమాన్ని మాత్రం నేను ఒప్పుకోను. వారానికోసారి మేళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లకు ఫలితం కనిపించిందనీ, మూడుసార్లు చేసినవాళ్లకు కనిపించలేదనీ సోన్యా ల్యుబొమిర్‌స్కీ పరిశోధన చెబుతోంది. అది సంతోషం గురించిన లెక్కే అయినా, కలానికీ అదే గతి. రోజువారీ మొక్కుబడి అయ్యాక కాఫీ, వాన, అమ్మ అనే మూడు మాటల దగ్గర బండి ఆగిపోతుంది. అప్పుడు పొగిడే పనిని పాత్రకు అప్పజెప్పాలి. కన్యాశుల్కంలో గిరీశం చుట్టను వెనకేసుకొచ్చే తీరు వింటే చుట్ట సంగతి ఎలా ఉన్నా గిరీశం సంగతి తెలిసిపోతుంది కదా. మూసాపేట హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్న పాత్ర ఒకటి ఉందనుకోండి. అది ఎవరిని పొగుడుతుంది? ఈ నెల అద్దె అడగడం రెండు రోజులు మరిచిపోయిన ఓనర్‌నా, ఉద్యోగం ఇవ్వలేమంటూ పంపిన మెయిల్‌లో తన పేరు తప్పుల్లేకుండా రాసిన హెచ్ఆర్‌నా?