సాదుకునుడు

మా పెద్దవ్వకు పిల్లలు లేరు. మూడు నెలల నన్ను మా అవ్వ ఆమె ఒళ్లో పెట్టింది. జఫర్‌గఢ్ మాదిగవాడల దీన్ని దత్తత అనరు, సాదుకునుడు అంటరు. కాగితం లేదు, దత్తహోమం లేదు. డిగ్రీ దాక పోయిన మొదటోన్ని నేనే. ప్రతి ఫారం మీదా తల్లి పేరు దగ్గర నా పెన్ను ఆగేది.

అందుకే బి. నర్సింగరావు 1988 నాటి 'దాసి'ని ఉత్త కళాఖండంగ చూడలేకపోయిన. అయిదు జాతీయ అవార్డులొచ్చినయి. కమలాక్షిగ చేసిన అర్చనకొకటి, ఎ.కె. బీర్ కెమెరాకొకటి. డ్యూయెట్ లేదు, ఫైటు లేదు. మాట తక్కువ, చాకిరి ఎక్కువ. చూసేటోనికి విసుగొస్తది. ఆ విసుగే ఆమె బతుకు, దాన్ని కత్తిరించకపోవుడే అసలు ప్రయోగం.

పెండ్లిబిడ్డ వెంట గడికి వచ్చిన ఆడబాప కమలాక్షి. ఇసొంటి పిల్లల గురించి దొరసానులు గూడ 'ఇంటి పిల్ల లెక్క సాదుతున్నం' అనేటోళ్లట, మా ముసలోళ్లు చెప్పేది. కమలాక్షికి దొరతోని కడుపైతే తీయించుకోవాల్సొచ్చింది. ఇదీ ఇంటి పిల్ల లెక్క!

నా పేచీ ఒక్కటే. గడి లోపలి చీకటిని అంత ఓపికగ చూసిన కెమెరా, ఆ పిల్లను అప్పజెప్పి ఒట్టి చేతులతోని వాడకు మళ్లిన తల్లి వెంట పోలేదు.

మా అవ్వ ఇప్పటికీ నన్ను 'అక్క కొడకా' అనే పిలుస్తది. పిలిచి, కొంచెంసేపు ఆగుతది. ఆ ఆగుడు తీయాలంటే నర్సింగరావు ఓపికే కావాలె. కెమెరా మాత్రం మా వాకిట్ల పెట్టాలె.