చెట్ల లెక్కలో నడిచే దుకాణం

తెలంగాణ పల్లెల్లో కల్లు దుకాణమనీ, పట్నం చుట్టుపక్కల కల్లు కాంపౌండ్ అనీ పిలిచే చోటును మద్యం వ్యాపారంలో ఒక చిన్న పద్దుగా లెక్కగట్టే అలవాటు పాలకులకూ ఉంది, పత్రికలకూ ఉంది. కానీ హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిని ఆనుకొని, కూరగాయల మడుల మధ్య ఫాంహౌసుల ప్రహరీలు లేస్తున్న చేవెళ్ల మండలపు ఆలూరు వంటి ఊరిని దృష్టిలో పెట్టుకొని చూస్తే, ఆ దుకాణం వైన్‌షాపుకు తమ్ముడు కాదనీ, దాని పుట్టుక, నడక, నీతి వేరనీ తెలుస్తుంది.

ఈ తేడా అంతా చెట్టు దగ్గరే మొదలవుతుంది. తాటిచెట్టుకైతే గెల కొనను రోజూ పలుచగా చెక్కి లొట్టి, అంటే చిన్న మట్టికుండ, కడతారు. ఈతచెట్టుకైతే మొవ్వ కింది మట్టలు కొట్టేసి, లేత కాండాన్ని గీసి, కారే రసాన్ని కుండలోకి మళ్లిస్తారు. ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు దానికి ఎదురు పక్క గీస్తారు గనుక ముదురు ఈతచెట్టు మాను మెట్లుమెట్లుగా కనిపిస్తుంది, ఆ గాట్లను లెక్కపెట్టిన వారికి ఆ చెట్టును ఎన్ని ఏళ్లు గీశారో అంచనా దొరుకుతుంది. ఎక్కేవాడు నడుమునూ చెట్టునూ చుట్టి వచ్చే మోకు అనే లావుపాటి తాడు మీద ఒరిగి, పాదాలకు గుజి అనే తాటి బందం వేసుకొని పైకి పోతాడు. ఆ మోకు జారితే ప్రాణానికే ముప్పు గనుకనే గీత కార్మికులకు కాటమయ్య అనే దేవుడు ఉన్నాడు, 2024లో రాష్ట్ర ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో పంచడం మొదలుపెట్టిన భద్రతా పరికరాలకు కూడా ఆయన పేరే పెట్టారు.

చెట్టు నుంచి దిగిన రసంలో చక్కెర నూటికి పది పాళ్లు, ఒక్కోసారి అంతకు పైన ఉంటుంది. కుండకు లోపల సున్నం పూసి పులియకుండా ఆపితే అది నీరా, ఆపకపోతే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు కొన్ని గంటల్లోనే దాన్ని కల్లుగా మారుస్తుంది, మరి కాస్త ఆలస్యమైతే పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. ఉదయం దించినది ఆ రోజే అమ్ముడుపోవాలి, చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం తక్కువగా ఉండాలి, గోదాములో నిల్వ చేసి ధర పెరిగాక అమ్మడానికి వీల్లేదు. ఊరి దుకాణం ఊరిదిగానే మిగలడానికి యజమాని మంచితనం కన్నా ఈ త్వరగా చెడిపోయే గుణమే పెద్ద కారణమని చెప్పక తప్పదు.

ఇంగ్లండులో ఏ బీరు కంపెనీకీ కట్టుబడని పబ్బును ఫ్రీ హౌస్ అంటారు. అక్కడ ఆ స్వేచ్ఛను మనుషులు పూనుకొని కాపాడుకోవలసి వచ్చింది: వేలాది పబ్బులు పెద్ద కంపెనీల చేతుల్లో ఉండిపోవడంతో 1989లో ప్రభుత్వమే నిబంధనలు తెచ్చింది, కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లెలో 2003లో ఊరివారు సహకార సంఘంగా ఏర్పడి తమ ఓల్డ్ క్రౌన్ పబ్బును కొనుక్కున్నారు. తెలంగాణలో అలాంటి పోరు జరగలేదనుకుంటే పొరపాటు. నిజాం కాలం నుంచీ ఆబ్కారీ, అంటే మద్యంపై సర్కారుకు ఉన్న హక్కు, ఖజానాకు పెద్ద రాబడి కాగా, ఆ హక్కును వేలంలో పాడుకున్న గుత్తేదారు కింద ఎక్కేవాడు కూలివాడిగా మిగిలేవాడు. నల్లగొండ నుంచి రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికైన బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను సంఘటితం చేశారు. సొసైటీలు, అంటే గీత కార్మికుల సహకార సంఘాలు ఉమ్మడిగా దుకాణం నడిపే పద్ధతీ, టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) అనే పొట్టి పేరుతో, ఎక్కేవాడికే చెట్లు కేటాయించి అతడే కల్లు అమ్ముకొనే పద్ధతీ ఆ గుత్తకు ఎదురుగా నిలిచాయి. ఈ రెంటిలోనూ అమ్మే హక్కు చెట్టును పట్టుకొని ఉంటుంది, దుకాణం స్తోమత దాని చెట్లను మించదు.

దుకాణం లోపలి మర్యాదలు కూడా గమనించదగినవే. తాటాకు మడిచి రేకగా పట్టుకుంటే అందులోకి వంపిన కల్లు నురగతో సహా నోటికి చేరుతుంది. పక్కన గుడాలు, అంటే ఉడికించి పోపు పెట్టిన శనగలు, వేయించిన పల్లీలు, కాస్త సొమ్ముంటే బోటి కూర. కూర్చున్నవారి మధ్య పొలం కౌలు, పెళ్లి సంబంధం, సర్పంచి ఎన్నిక అన్నీ నడుస్తాయి. ఆడవారు కల్లు తాగడం ఇక్కడి పల్లెలకు వింత కాదు, బోనాల్లో ఊరి దేవతకు కల్లుసాక పోయడం కూడా ఆచారమే. అయినా ఈ చోటును సమానత్వానికి గుడిగా చిత్రించడం సత్యదూరం, ఎందుకంటే దళితులు ఎడంగా కూర్చోవాలనీ వారికి పాత్ర వేరనీ నియమాలు చాలా ఊళ్లలో చాలాకాలం సాగాయి, ఆ విషయాన్ని దాటవేసి పాత రోజులను పొగిడే రచనలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. కల్లును మిగతా మద్యంతో కలిపి లెక్కగట్టరాదనడానికి గుర్తుగా, సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1995లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధ చట్టం కల్లును మినహాయించిందన్న సంగతి మాత్రం జ్ఞాపకం ఉంచుకోవాలి.

చెట్లకూ దుకాణానికీ ఉన్న ఈ లంకె తెగినప్పుడే మందు కల్లు వస్తుంది. చెట్టు ఇచ్చే దానికన్నా గిరాకీ పెరిగినప్పుడు నీళ్లు, శాకరిన్‌తో పాటు క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి సీసాలు నింపుతారు. అలవాటు పడినవారికి అది ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పిచ్చిగా మాట్లాడడం వంటి లక్షణాలు కనిపిస్తాయని ఆసుపత్రులకు బాగా తెలుసు. హైదరాబాద్ నగరంలో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014 దసరాకు తిరిగి తెరుచుకున్నప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: చెట్లే లేని నగరానికి అన్ని సీసాల కల్లు ఎక్కడి నుంచి రావాలి? చెట్టు కల్లు, మందు కల్లు అనే జనం మాటల్లోనే ఆ ప్రశ్న ఉంది.

ఆలూరు వైపు దారిలో నగరవాసుల ఉద్యమం రహదారి విస్తరణ నుంచి కాపాడజూసిన సుమారు 900 మర్రిచెట్లకు న్యాయస్థానాల్లో వాదించేవారు దొరికారు, అది సంతోషించదగినదే. చెరువు కట్ట మీది ఈతచెట్టుకు, గెట్టు మీది తాటిచెట్టుకు అలాంటి వకీలు లేడు. భూమి ప్లాట్లుగా మారినప్పుడు వాటి వేళ్లతో పాటు ఒక కుటుంబపు లైసెన్సు కూడా లేచిపోతుందన్న లెక్క ఏ లేఅవుట్ పటంలోనూ కనిపించదు. రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం 2015 జూలైలో ఇదే ప్రాంతంలోని చిలుకూరులో మొదలైంది, ఆ కార్యక్రమం కింద ఈత, తాటి మొక్కలు కూడా నాటారు. ఈత కొన్నేళ్లకే గీతకు వస్తుంది, తాటికి మాత్రం దాదాపు ఒక తరం ఓపిక కావాలి. నాటడానికి సొసైటీకి 5 ఎకరాల చొప్పున భూమి ఇవ్వాలన్న జీవో 560ని అమలు చేయమని గీత కార్మిక సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి, చేవెళ్ల చుట్టుపక్కల ఎకరం ధర ఇప్పుడు కోట్లలో పలుకుతోంది.