అర్ణవము, ఉద్యానము, నడుమ గాలి: ఉద్దానపు తుపానులు - మన వాఙ్మయము

దండి కావ్యాదర్శమున పేర్కొనిన వర్ణనీయాంశములు తరువాతి లాక్షణికుల చేతిలో అష్టాదశ వర్ణనలుగా స్థిరపడినవి. వానిలో అర్ణవ వర్ణనము కలదు, ఋతు వర్ణనము కలదు, ఉద్యాన వర్ణనము కలదు. సముద్రము మీదుగా లేచి ఋతువు మాఱు వేళ ఉద్యానమును కూలద్రోయు తుపానునకు మాత్రము ఆ పట్టికలో చోటు లేదు. ఇది పూర్వుల దోషమని మేము చెప్పబోము. మన ప్రబంధములలో ఉత్తమములైనవి పుట్టిన ఆస్థానములు సముద్రమునకు దూరముగా నుండినవి. ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనము తడికట్టెలతో పొయ్యి రాజవేయలేక అవస్థపడు గృహిణి దాక వచ్చినది. అంతటి సూక్ష్మదృష్టి మఱియొక కవికి అలవడలేదు. అయినను ఆ వాన ఇల్లు తడుపునే గాని ఇల్లు కూల్చదు. శ్రీనాథుని హరవిలాసము సముద్రవ్యాపారియైన అవచి తిప్పయసెట్టికి అంకితమైనది. అందు దూరద్వీపముల సరకులు దిగినవి గాని ఆ ఓడలకెదురైన గాలి దిగలేదు.

ఈ మాట ఇప్పుడెత్తుటకు ఒక కారణము గలదు. ఇటీవల మేము పరీక్షింపవలసివచ్చిన ఒక పరిశోధనవ్యాసము తెలుగు సాహిత్యమున తుపానులను గూర్చినది. పరిశ్రమతో వ్రాసినదే. అందు మొదటి ప్రకరణమున ఆంధ్రతీరపు తుపానుల పట్టిక యొకటి ఉన్నది: సంవత్సరము, తీరము దాటిన చోటు, మృతుల సంఖ్య. తరువాతి ప్రకరణములన్నియు ఆ మూడవ గడి ననుసరించి నడచినవి. మృతులు ఎక్కువైనచోట సాహిత్యమును విస్తరముగా చర్చించి, తక్కువైనచోట ఒకటి రెండు వాక్యములతో దాటినారు. పలాస, టెక్కలి ప్రాంతములకు, ఉద్దానపు తీరమునకు ఆ వ్యాసమున దక్కినది ఒకే వాక్యము. పరిశోధకుని దీక్షను శంకింపక, ఆ గడి ఎక్కడనుండి వచ్చినదో విచారింపదలచితిమి.

ఆ గడి కృష్ణా గోదావరీ ముఖములనుండి వచ్చినది. 1789లో కోరంగి, 1839లో మరల కోరంగి, 1864 నవంబరులో బందరు, 1977 నవంబరు 19న దివిసీమ: మన తుపాను చరిత్రకు ఇవి నాలుగు స్తంభములు. నాలుగింటను చంపినది గాలి కాదు, నీరు. పల్లపు డెల్టా భూమి మీదికి సముద్రమే లేచి వచ్చినది. దానికి మన భాషలో ‘ఉప్పెన’ అను మాట ఉన్నది. ఉప్పెనను కొలుచుటకు శవముల లెక్కయే ప్రథమ ప్రమాణమగుట సహజము. బందరున ముప్పది వేలమంది పోయినారనుట, దివిసీమలో పదివేలకు తక్కువ కాదనుట ఆ ప్రమాణముతో చెప్పిన మాటలే. ఆ లెక్కలలోనైనను జాగ్రత్త కావలెను. 1839 నాటి కోరంగికి మూడు లక్షల మృతులని పుస్తకమునుండి పుస్తకమునకు ఎక్కుచున్న సంఖ్య ఆ పాటి రేవునకు నమ్మశక్యమైనది కాదు. అయినను మన పరిశోధకుడు దానిని యథాతథముగ దింపుకొన్నాడు. పెద్ద సంఖ్యకు ఆకర్షణ యెక్కువ.

ఇక ఉద్దానము. ‘ఉద్యానము’ నుండి ఈ పేరు వచ్చినదని లోకప్రతీతి. శబ్దశాస్త్రజ్ఞులు దీనికి సాక్ష్యములడిగిన అడుగవచ్చును గాని, ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మీదుగా పోయినవారికి ఆ సాక్ష్యము కన్నులకే తోచును. ఇసుకపఱ్ఱ నేల, దానిపై కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రము. నడుమ ఈ తోటల పట్టీ. ఇక్కడి కొబ్బరికి కోనసీమ కొబ్బరివలె కాలువ నీరు లేదు. చెట్టు పెరిగినదనిన అది ఒక కుటుంబము ఏండ్లతరబడి చేసిన కాపుదల. నాటిన ఆరేడేండ్లకు గాని నాటురకము కాపునకు రాదు. వచ్చిన పిదప రెండు మూడు తరములు దాని నీడను బ్రతుకవచ్చును. తాత నాటినది మనుమడు దింపుకొనుట ఇక్కడి ఆస్తిధర్మము. జీడిమామిడి త్వరగా కాచును గాని నిండుకాపునకు దానికిని కాలము కావలెను. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసి బ్రతుకు స్త్రీలకు ఈ తోటలే ఆధారము.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12ననే, హుద్‌హుద్ విశాఖపట్టణము మీద పడినది. 2018 అక్టోబరు 11న తెల్లవాఱుజామున, దేవీనవరాత్రములు మొదలైన మఱునాడు, తిత్లీ పలాస సమీపమున తీరము దాటినది. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు, విసురులో 165 వఱకు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్టణమునకు ఉత్తరమున దాటినది. ఇంతకు పూర్వము 1999 అక్టోబరు 17న గోపాలపురము వద్ద ఒక తీవ్ర తుపాను దాటినది. పండ్రెండు దినములలో పారాదీపు మీద మహాతుపాను పడుటచే అది జ్ఞాపకమునుండి తుడిచిపెట్టుకొని పోయినది.

ఈ వరుసలో ఫైలిన్ ఒడిస్సా తుపాను, హుద్‌హుద్ విశాఖ తుపాను అనిపించుకొన్నవి. తిత్లీ ఒక్కటే ఉద్దానము నడుమ దిగినది. దానిని గూర్చి వెలువడిన జాతీయ రచనలలో కూడ ప్రధానస్థానము ఒడిస్సాలోని గజపతి జిల్లాకే దక్కినది. ఏలయన తీరము దాటిన పిదప తుపాను ఈశాన్యమునకు మఱలి ఆ కొండలపై కుంభవృష్టి కురిసి, అచ్చట కొండచరియ జాఱి పలువురు మరణించిరి. ఆ వాననే మహేంద్రతనయ, వంశధారలు వరదగా దింపి మన పల్లెలపై పోసినవి. అనగా ఈ ప్రాంతమునకు ముందు సముద్రమువైపునుండి గాలి, వెనుక కొండవైపునుండి నీరు. డెల్టాలో నీరు తూర్పునుండి వచ్చును. ఇక్కడ పడమటినుండి వచ్చినది. ఈ ఒక్క భేదము చాలును, ‘ఉప్పెన’ అను చట్రమున ఉద్దానపు అనుభవము ఇమడదని చూపుటకు.

హెచ్చరికలు ముందుగా అందుట, జనమును తరలించుట వలన ఈ తుపానులలో ప్రాణనష్టము పూర్వముతో పోల్చిన చాల స్వల్పము. 1999లో ఒడిస్సాలో దాదాపు పదివేలమంది మరణించిరి. 2013లో వచ్చిన ప్రచండమైన గాలికి పోయినవారు పదుల సంఖ్యలోనే. ఇది మానవ ప్రయత్నమునకు వచ్చిన గొప్ప ఫలము. ఎవ్వరును తక్కువ చేయరాదు. కాని దీనివలన సాహిత్యచరిత్రకారునకు ఒక చిక్కు వచ్చినది. మృతుల గడిని ప్రమాణముగా పెట్టుకొన్నవానికి తిత్లీ చిన్న తుపాను. లక్షలాది కొబ్బరిచెట్లు కూలిన కవిటివానికి, సోంపేటవానికి అది తన జీవితమునందలి అతిపెద్ద తుపాను. ఇద్దరిలో ఎవరి లెక్క సాహిత్యమునకు లెక్క?

ఇక్కడ పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ను స్మరింపకుండ ముందుకు పోలేము. 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఈ కథ మన తుపాను సాహిత్యమునకు శిఖరమని వాడుక. శిఖరమే. అందు రావుగారు తన సిద్ధాంతములను వెంటబెట్టుకొని రైలు దిగుదురు. రాత్రి గాలివాన ఆ సిద్ధాంతములను ఒక్కొక్కటిగా ఊడ్చివేయును. తాను అసహ్యించుకొన్న బిచ్చగత్తె వెచ్చదనమే ఆయనను నిలుపును. తెల్లవాఱునప్పటికి ఆమె మరణించి యుండును. కథకు కావలసినది ఒక రాత్రి. తుపాను అందు పరీక్షాధికారి. పరీక్ష ముగియగనే అది వెళ్లిపోవును. ఆ స్టేషను చుట్టునున్న ఊరిలో ఏ తోట పడినదో, ఎవరి పంట పోయినదో కథకు అవసరము లేదు, రచయిత చెప్పలేదు. అది లోపము కాదు, ఎన్నిక. అయితే విమర్శకులు ఈ ఎన్నికను నియమముగా మార్చినారు. తుపాను కథ యనిన తుపాను ఒక ప్రతీకయై తీరవలెననియు, ఒక రాత్రిలో ఒక మనస్సును మార్చవలెననియు తరగతిగదులలో చెప్పుచున్నాము. మేమును చెప్పితిమి. తిత్లీ తెల్లవాఱుజామున వచ్చినది. ఉద్దానపు కథ ఆ తెల్లవాఱినప్పుడు మొదలగును. ముగియుటకు ఏడేండ్లు పట్టును. ‘గాలివాన’ కొలతతో కొలిచిన అట్టి కథలో బిగువు లేదనిపించును.

చెట్టు కూలుట చావు కాదు గదా యని అడుగువారు కలరు. నిజమే, కాదు. కాని తుపాను పిదప గ్రామములలో జరిగిన పని చూడుడు: కూలిన చెట్లను లెక్కించిరి, చెట్టు లెక్కన పరిహారము కట్టిరి. వెల కట్టుటకు చెట్టునకు ఒకే వయస్సు. నిన్న కాపునకు వచ్చినదియు, తండ్రి తరమున నాటినదియు, కూతురు పెండ్లికి హామీగా నిలిచినదియు ఒకటే అంకె. ఇక చెట్టులేక చెట్టుపై బ్రతుకువాడు, అనగా దింపుడు కూలి, పీచు పనివారు, పలాసలో పప్పు ఒలుచు స్త్రీ, ఆ లెక్కలోనికే రారు. అధికారులను నిందించుట మా ఉద్దేశము కాదు. లెక్క వేయవలసినవాడు ఏదో యొక అంకె వేయక తప్పదు. ఆ అంకెకు వెలుపల మిగిలిపోయినదానిని పట్టుకొనవలసినది సాహిత్యము. అది పట్టినదా లేదా యని చూడవలసినది మేము. మేము మరల అంకెవద్దకే పోయితిమి.

పేర్లను గూర్చి ఒక మాట. పూర్వము తుపానునకు పేరు పడిన చోటునుబట్టి వచ్చెడిది: బందరు ఉప్పెన, దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను. ‘సైక్లోన్’ అను మాటను 1848లో కల్పించిన పిడింగ్టను కోరంగి ఉప్పెనను వర్ణించినప్పుడును చోటు పేరే వాడెను. 2004 నుండి ఉత్తర హిందూమహాసముద్రపు తుపానులకు తీరదేశములు వరుసగా పేర్లిచ్చుచున్నవి. హెచ్చరికకు ఇది మేలు. కాని చరిత్రలో చోటు పేరు జాఱిపోయినది. తిత్లీ యనగా సీతాకోకచిలుక, గులాబ్ గులాబీపువ్వు. రెండును పాకిస్థాను ఇచ్చిన పేర్లు. ఉద్యానమను పేరుగల సీమపై సీతాకోకచిలుక, గులాబీ వచ్చి పడినవనిన ప్రబంధకవి శ్లేషకు మురిసిపోవును. అక్కడివారికి నవ్వు రాదు. 1977 నాటి ఆపదకు దివిసీమ పేరు శాశ్వతముగా అంటుకొన్నది గనుకనే ఆ సీమ కవితలోనికి, కథలోనికి సులువుగా ప్రవేశించినది. ‘ఉద్దానము తుపాను’ అను సమాసము పుట్టనేలేదు.

ఉద్దానమునకు సాహిత్యమున చోటు లేదనుట మాత్రము తప్పు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ ద్వారా, ఆయన 1969లో మరణించిన పిదప వచ్చిన రచనల ద్వారా, ఆ సీమ తెలుగు పాఠకునకు సుపరిచితము. కాని అది ఉద్యమపు ఉద్దానము. తరువాత మూత్రపిండవ్యాధి మూలమున పత్రికలకెక్కినది. అది వ్యాధి ఉద్దానము. ఒక్కొక్క కాలమునకు ఒక్కొక్క విశేషణము. తోటలు, గాలి ఈ రెండింటికి నేపథ్యముగా నిలిచిపోయినవి.

సామగ్రి లేదని పరిశోధకుడు చెప్పవచ్చును. వెదకవలసిన చోట వెదకలేదని మా సమాధానము. ఈ సీమ 1936 ఏప్రిలు వఱకు గంజాము జిల్లాలోనిది; ఒడిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరినది; 1950 ఆగస్టులో శ్రీకాకుళము జిల్లా పుట్టినది. మూడు జిల్లాల కాగితములు చూడనిదే ఇచ్చటి గాలుల వరుస దొరకదు. మాల్ట్‌బీ 1882 నాటి గంజాము మాన్యువలు మొదలుకొని చూడవలెను. విశాఖ జిల్లా గెజెటీరు మాత్రము చూచి ‘ఉల్లేఖము లేదు’ అని వ్రాయుట పరిశోధన కాదు. కథలకు శ్రీకాకుళములోని కథానిలయము ఉన్నది. 1997లో కాళీపట్నము రామారావుగారు స్థాపించినది. అక్కడి పత్రికల సంపుటములలో తుపాను అను మాట శీర్షికలో లేని తుపాను కథలను పట్టుకొనవలెను. శీర్షికలనుబట్టి వెదకినవానికి ఉద్దానము దొరకదు.

అన్నిటికంటె ముఖ్యము నోటిమాట. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో కూర్చుండి సవరల నోటినుండి భాషను సేకరించిన సీమ ఇది. దానికి కూతవేటు దూరమున నున్న తీరమున, తన తోట కూలిన రైతు ‘తిత్లీకి ముందు’, ‘తిత్లీకి తరువాత’ అని కాలమును విభజించి మాటాడుచుండగా, మనము ఆ మాటను వ్రాసికొనలేదు. గాలి దిక్కు మాఱుటను చేపలవేటవాడు ఒకరీతిగ చెప్పును, తోటవాడు మఱియొకరీతిగ చెప్పును. ఈ పలుకుబడులు నిఘంటువులకెక్కవలసినవి.

తిత్లీ తరువాత నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపునకు వచ్చుచున్నది. అప్పటి పెద్దలు కొందఱు ఆ కాపు చూడకయే పోయినారు. మా శాఖనుండి ఇద్దఱు విద్యార్థులు ఈ యేడు కవిటి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు పోవ సిద్ధపడినారు. వారికి ప్రశ్నావళి తయారుచేయునప్పుడు ‘మీ ఊరిలో ఎంతమంది పోయినారు?’ అను ప్రశ్నను నాలుగవదిగా వేసితిమి. మొదటిది: ‘మీ దొడ్డిలో పడిపోయిన పెద్దచెట్టును నాటినదెవరు?’