‘ఎబొనీ’ నలుపు – తెలుగు చేవ

ఆంగ్ల కవులు రాత్రినీ కురులనూ వర్ణించేటప్పుడు ‘బ్లాక్’ అనక ‘ఎబొనీ’ అనడం కద్దు. దానిని ‘కారునలుపు’ అని తెనిగిస్తే వర్ణం దక్కుతుంది గాని వస్తువు జారిపోతుంది.

ఆ పదం మొదట రంగు పేరు కాదు, కలప పేరు. ప్రాచీన ఈజిప్టు భాష నుండి గ్రీకు, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లాన్ని చేరింది. ఫరోల సమాధులలో లభించిన నల్లకలప ఆఫ్రికాది. భారతదేశపు నల్లకలప వేరొక జాతికి చెందినది. పేరు మాత్రం రెంటికీ ఒకటే అయింది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’, భరుకచ్ఛం నుండి పారశీక సింధుశాఖ రేవులకు ఎగుమతి అయిన సరకులలో దీనినీ పేర్కొన్నది. సూరత్‌కు ఉత్తరాన, నర్మదా తీరాన ఉన్న నేటి భరూచ్ నగరమే ఆ భరుకచ్ఛం. సూరత్ పనివారు ‘సాదేలీ’ పెట్టెలపై దంతపు తెలుపు సరసన పొదిగిన నలుపు కూడా ఈ కలపదే. 1613లో సూరత్‌లో ఆంగ్లేయుల వర్తకస్థావరం వెలసేనాటికే ఈ మాట వారి కవిత్వంలో స్థిరపడింది. 1598లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో నాయకుడు ప్రియురాలి నలుపును ఈ కలపతో పోల్చి సమర్థిస్తాడు.

సూరత్ మరమగ్గాల పేటలలో స్థిరపడిన తెలుగువారికి ఈ చెట్టు పరాయిది కాదు. తెలంగాణ అడవులలో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టే అది. సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్, 1795లో వెలువడనారంభించిన తన గ్రంథంలో దానికి ‘నల్లకలప’ అనే అర్థమిచ్చే గ్రీకు పేరు పెట్టాడు. ఆ చెట్టు పైకలప లేతరంగు. నల్లనిది నడిమి చేవ మాత్రమే. ఆ చేవ నుండి ఆంగ్లం రంగును గ్రహించింది. తెలుగు ‘చేవ’ అనే మాటలోనే బలాన్ని గ్రహించింది. ‘చేవ గల మనిషి’ అన్నప్పుడు మనకు స్ఫురించేది వర్ణం కాదు, సత్తువ.

ఈ భేదం చిన్నది కాదు. బానిస వర్తకులు ఫ్రెంచిలో మనుషులనే ‘ఎబొనీ కలప’ అని వ్యవహరించారు. అదే మాటను 1945లో జాన్ జాన్సన్ షికాగోలో స్థాపించిన నల్లజాతివారి పత్రికకు సగర్వంగా పేరుగా పెట్టాడు. సరకు పేరు ఆత్మగౌరవానికి పేరైంది. కనుక అనువాదకుడు సందర్భమెరిగి మాటను ఎన్నుకోవాలి. రాత్రికి ‘కారునలుపు’ చాలు. మనిషి గౌరవాన్ని చెప్పవలసిన చోట ‘చేవనలుపు’ అనే సాహసం చేయవచ్చు.